నాలుగూ పది

వాల్పరాయిసోలో మా కొండెక్కడానికి రెండు దార్లు:
నూట అరవై రెండు మెట్లు, లేదంటే నా బండి.
ఇనపతాడుకి వేలాడే చెక్క పెట్టెలు రెండు.
ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది,
నడిమధ్యలో ఒక్క క్షణం పక్కపక్కన,
తర్వాత ఎవరి దారి వాళ్లది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ టికెట్ గదిలో
నాణేలు పుచ్చుకుంటున్నాను. పేరు నోల్ఫా.
నాణేలు నయం, వేళ్లతో చదవొచ్చు.

బల్తసార్ నాలుగూ పదికి వస్తాడు.
ఒక నిమిషం ముందొస్తే
ముల్లు కదిలేదాకా గేటు బయటే.
పలకరిస్తే నన్ను చూడడు,
నా తలమీద తిరిగే చక్రాన్ని చూస్తాడు.
మొదటి ఏడు పొగరనుకున్నాను.
రెండో ఏడు చెవుడనుకున్నాను.
మూడో ఏడు, గ్రీజు పెట్టిన రోజున,
"ఇవాళ లావుగా పాడుతోంది" అన్నాడు
నాతో కాదు, చక్రంతో.
అప్పుడు విన్నాను నేను,
ఇన్నేళ్లూ నా నెత్తిమీదే తిరుగుతున్నదాన్ని.

వాళ్లమ్మ యస్నా ఉప్పెనలా వస్తుంది.
తాళాలకోసం వెనక్కి, గొడుక్కోసం మళ్లీ వెనక్కి.
ఒక మాట చివర ముట్టకముందే
మూడు మాటలు మొలుస్తాయి.
చేపలకని దిగి
కిటికీకి నీలం రంగు డబ్బా కొనుక్కొస్తుంది.
చిన్నప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే మాటట:
"కుదురు లేదే నీకు."

ఒకరోజు ఆసుపత్రి కాయితం తెచ్చింది.
"నువ్వు చదువు నోల్ఫా, నా కళ్లు నిలవట్లేదు."
తీసుకున్నాను. తిరగేశాను.
కళ్లద్దాలు మరిచిపోయానన్నాను.
కళ్లద్దాలు ముక్కుమీదే ఉన్నాయి.

ఇక చెప్పక తప్పలేదు.
బడిలో ఆ ఒక్క అక్షరం పొట్ట
కుడికో ఎడమకో ఏనాడూ తేలేది కాదు.
లంగరేసిన పడవల్లా ఊగేవి అన్నీ.
సిస్టర్ చేతిలో స్కేలు మాత్రం ఊగేది కాదు.
"నేను మొద్దుని" అని వందసార్లు రాయించింది,
అందుకే ఆ మాట ఇప్పటికీ తప్పుల్లేకుండా రాస్తాను.

యస్నా నవ్వలేదు. తనే చదివింది,
వేలు పెట్టుకుని, ఆగి ఆగి.
కళ్లు కలపడు. కలిసి ఆడడు. మార్పు ఓర్చడు.
పేజీన్నర నిండా చేయనివే.
చేసేవి ఎక్కడున్నాయా అని తిప్పి చూశాం.
వెనక తెల్లగా ఉంది.
అడుగున ఒక పేరు, ఆటిజం అని.
"నీదానికీ ఉంది పేరు," అంది. "డిస్లెక్సియా."
యాభై ఎనిమిదో ఏట బారసాల!
అయితే ఆ పేరు ఎలా రాస్తారో మాత్రం
నన్నడక్కండి.

ఆగస్టులో తాడు మార్చడానికి బండి ఆపారు.
బోర్డు రాయించి పెట్టారు, నేనే తగిలించాను.
ఎవరికి చెప్పాలో వాడికి చెప్పలేదు.
నాలుగూ పది. గేటుకి గొలుసు. చక్రం మూగ.
మొదటి మెట్టుమీద పడిపోయి
చెవులు మూసుకుని అరిచాడు,
ఓడ కూత కొండల్ని తాకినట్టు.
రొట్టెల సంచీ పట్టుకున్న పెద్దమనిషి
"బెల్టు తీస్తే సరి" అన్నాడు.
ఒకమ్మాయి ఫోను పైకెత్తింది.
నేను రేడియో కట్టేశాను, దీపం ఆర్పేశాను,
వెళ్లి ఆ ఫోనుకి అడ్డంగా నిలబడ్డాను.
నా వెడల్పు ఇన్నాళ్లకి పనికొచ్చింది.

యస్నా పరుగున వచ్చింది.
ముట్టుకోలేదు. పేరు పిలవలేదు.
రెండు మెట్ల కింద కూచుంది.
పావుగంట. అరగంట. ముప్పావుగంట.
జుట్టులో గాలి తప్ప ఏదీ కదల్లేదు.
కుదురు లేదన్న వాళ్లంతా
ఆ పూట ఎక్కడున్నారో.

పొగమంచు దిగాక వాడు లేచి మెట్లెక్కాడు,
లెక్కపెడుతూ. వెనక మేమిద్దరం.
పైన ఆగి, "నూట అరవై మూడు" అన్నాడు.
"రెండు," అన్నాను.
"మూడు."
కింద తను పడుకున్న రాయిని కూడా కలిపాడు.
నేనెప్పుడూ దాన్ని నేలనుకున్నాను.

కొత్త తాడు వచ్చి నాలుగు నెలలైంది.
కొంచెం సన్నగా పాడుతోంది.
ఆ రాయి మెట్టా, నేలా,
ఇద్దరికీ ఇంకా తేలలేదు.